చదవొచ్చు, చదివింది దాచకూడదు

మీ ఫోన్లో పుస్తకాన్ని పైకి చదివి వినిపించే బొమ్మ ఒకటి ఉంటుంది, చూశారా? మా మనవరాలు దాన్ని నొక్కి, మంచమ్మీద వాలి, పాఠాలు వింటూ నిద్రపోతుంది. మొన్న దాని పక్కన కూర్చుని, "ఇదే పని చేసినందుకు మాకు నోటీసులొచ్చాయే" అన్నాను. "దేనికి అమ్మమ్మా, నిద్రపోయినందుకా?" అంది. దాన్ని తిట్టి ఏం లాభం? దానికి చెప్పినవాళ్ళు ఎవరున్నారు కనక? అందుకే ఈ కాగితాలు ముందేసుకున్నాను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు కోపం వచ్చింది, విసుగొచ్చింది, ఏడుపూ వచ్చింది. నిర్ఘాంతపోవడమంటే ఏమిటో మాత్రం ఆ ఒక్క వ్యవహారంలోనే తెలిసింది. అదీ ఒక్కసారితో పోలేదు.

అప్పట్లో నేను అమలాపురం శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్ని. యానాం దగ్గర గోదావరి మీద వంతెన ఇంకా పడలేదు. కాకినాడ వెళ్ళాలంటే ఎదుర్లంక రేవు దాకా బస్సులో వెళ్ళి, పంటు మీద ఏరు దాటి, అవతల మళ్ళీ బస్సెక్కాల్సిందే. మా లైబ్రరీ వెనక గదిలో, పాత పేపర్ల కట్టల మధ్య, వినియోగదారుల సంఘం వాళ్ళు సాయంత్రాలు కూర్చునేవారు. గ్యాస్ బండ తూకం తగ్గిందనో, ఎరువు బస్తాలో మట్టి కలిసిందనో ఎవరో ఒకరు మొరపెట్టుకోవడానికి వచ్చేవారు. సంఘానికి అధ్యక్షులు రిటైరైన ఒక తాసీల్దారుగారు. కార్యదర్శిని నేను, గది తాళం నా దగ్గరుంటుంది కనక. తాసీల్దారుగారంత మర్యాదస్తుణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఎవరి మీద ఫిర్యాదు రాయబోతున్నామో వాళ్ళకే ముందు కాఫీ ఇప్పించే మనిషి. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దావిడ కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. అల్లవరం అవతల సముద్రం పక్క ఊరు వాళ్ళది. కోడలికి ముప్పై దాటి ఉంటాయి. టీచర్ ట్రైనింగ్ పూర్తి చేసిందట. పూర్తయిన ఏడాదికే ఏదో జ్వరం వచ్చి రెండు కళ్ళూ పోయాయట. మొగుడు మస్కట్‌లో డ్రైవరు.

"మేడంగారండీ, ఇక్కడ పుస్తకాలు చదివి పెట్టేవోళ్ళు ఎవరైనా ఉంటారాండీ?" అని అడిగింది ఆ అమ్మాయి.

నేను అన్నేళ్ళుగా లైబ్రేరియన్ని. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "చదువుకునేవాళ్ళుంటారు గానీ చదివి పెట్టేవాళ్ళుండరమ్మా" అనేశాను, అలవాటు కొద్దీ. ఆ మాట అన్నాక నా చెవులకే అది బాగాలేదు.

కూర్చోబెట్టి అడిగితే సంగతి చెప్పింది. టీచర్ పోస్టుల పరీక్ష వస్తోంది. చూపు లేనివాళ్ళకి కొన్ని పోస్టులు విడిగా పెట్టారు. వయసు లెక్కన ఆమెకి ఇదే ఆఖరి అవకాశం. పరీక్ష రాసిపెట్టడానికి మనిషిని ఇస్తారు, కానీ చదివిపెట్టడానికి ఎవరినీ ఇవ్వరు. అత్తగారికి అక్షరం రాదు. "మా ఆయన రెండు కేసెట్లు పట్టే టేప్‌రికార్డరు తెచ్చేరండీ. చదివి దాన్లోకి ఎక్కించేస్తే నేను ఎన్నిసార్లయినా వినుకుంటానండీ. ఎవరికీ పని పెట్టనండీ" అంది.

ఆ "ఎవరికీ పని పెట్టనండీ" అన్న మాట మా ఎదురింటి పిన్నిగారికి చెప్పాను. అంతే, ఆవిడ చెంగు బిగించేశారు. పది రోజులు తిరక్కుండా ఆవిడ పేటలో ఉన్న చదువుకున్న ఆడవాళ్ళని అరడజను మందిని పోగేశారు. పిల్లల మనస్తత్వం మీద ఒక పెద్ద పుస్తకం ఉండేది, ఆ పరీక్షకి అదే ఆధారం. ట్రైనింగ్ చదువుతున్న ఒక అమ్మాయి దగ్గర అరువు తెచ్చాం. మధ్యాహ్నాలు వంటలయ్యాక వాళ్ళు వచ్చి, ఫ్యాను కట్టేసి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ వంతులవారీగా చదివేవారు. ఎంత మూసినా టేపులోకి కాకి దూరేది, బస్టాండు హారను దూరేది.

పిన్నిగారి గొంతు గట్టిది, మాట స్పష్టం. ఒకటే ఇబ్బంది, ఆవిడ పుస్తకంతో పోట్లాడేవారు. పిల్లవాణ్ణి కొట్టకూడదు అని చదివి, చదివిన నోటితోనే, "ఈ రాసినాయన మా ఆఖరివాణ్ణి ఒక్క పూట ఉంచుకుని అప్పుడు రాయాలి" అనేవారు. అదీ టేపులో పడిపోయేది. తుడిచేద్దామంటే అల్లవరం అమ్మాయి ఒప్పుకోలేదు. "ఉండనివ్వండి, పక్కన మనిషి ఉన్నట్టుంటాదండీ" అంది.

ఈ సంగతి ఎలా పాకిందో తెలీదు. రాజోలు నుంచి ఒక కుర్రాడు, కొత్తపేట నుంచి ఇద్దరు వచ్చి, మాకూ కాపీలు కావాలన్నారు. ముగ్గురికీ చూపు లేదు. తీసి ఇచ్చాం. మాకు భలే గర్వంగా ఉండేది. మేము గ్యాస్ బండల నుంచి బయటపడి ఏదో పెద్ద పని చేస్తున్నామనిపించేది.

అప్పుడు తాసీల్దారుగారికి మర్యాద గుర్తొచ్చింది.

"అమ్మాయ్, మనం వాళ్ళ పుస్తకం వాడుకున్నాం. అచ్చేసిన కంపెనీ వాళ్ళ చెవిన ఒక్క మాట వెయ్యకపోతే ఏం బాగుంటుంది చెప్పు? దొంగతనంగా ఉండదూ?" అన్నారు.

"వాళ్ళు సంతోషిస్తారు కదండీ" అన్నాను నేను. పిన్నిగారు కూడా, "చెప్పాలండీ, చెప్పాలి, పరాయివాళ్ళ వస్తువు కదా" అన్నారు. మా వైపు అంతే. పక్కింటి నిచ్చెన అరువు తెచ్చుకుంటే తిరిగిచ్చేటప్పుడు దానితో పాటు నాలుగు అరటిపళ్ళు కూడా వెళ్ళాలి.

తాసీల్దారుగారు స్వయంగా జాబు రాశారు. మీ అమూల్యమైన గ్రంథం మా ఆడపడుచుల గొంతుల మీదుగా చూపులేని బిడ్డలకు చేరుతోంది, త్వరలో జిల్లా అంతా పంచుతాం, ఆవిష్కరణ సభకి మీ కంపెనీ పెద్దలు ముఖ్య అతిథిగా రావాలి అని. చదివిన ఆడవాళ్ళందరి పేర్లూ, ఇంటి నంబర్లతో సహా, కింద వరసగా రాశారు. వాళ్ళకి కంపెనీ వాళ్ళు తలా ఒక మంచి మాట రాస్తే ఎంత పొంగిపోతారో అని ఆయన ఆశ. జాబుతో పాటు కేసెట్ల సెట్టు ఒకటి, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి బస్సు పార్సిల్లో పంపారు. కొబ్బరిబొండాలు కూడా కట్టబోతే పార్సిలు అతను ససేమిరా అన్నాడు.

జవాబు కోసం ఎదురుచూస్తూ ఆవిష్కరణ సభ మాటలు మొదలుపెట్టాం. దండ ఎవరు వెయ్యాలి, భోజనం ఎవరింట్లో. శాలువా కూడా కొనేశారు.

జవాబు రిజిస్టరు పోస్టులో వచ్చింది. అందరం ఉన్నప్పుడే విప్పాలని తాసీల్దారుగారు సాయంత్రం దాకా కవరు జేబులో పెట్టుకుని తిరిగారు. నవ్వుతూ విప్పారు. నిలబడి చదవడం మొదలుపెట్టారు, కూర్చుండిపోయారు. నాకు అందించారు. అది కంపెనీ వకీలు ఇచ్చిన నోటీసు. మీ సంఘమూ, మీ గ్రంథాలయ ఉద్యోగీ, కింద పేర్కొన్న స్త్రీలూ కలిసి మా గ్రంథాన్ని అనుమతి లేకుండా నకళ్ళు తీశారు, పంచారు, ఇంకా పంచబోతున్నట్టు మీరే లిఖితపూర్వకంగా ఒప్పుకున్నారు, నకళ్ళన్నీ అప్పగించకపోతే క్రిమినల్ కేసు అని. కింద ఆడవాళ్ళ పేర్లు తాసీల్దారుగారు రాసిన వరసలోనే, ఇంటి నంబర్లతో సహా ఉన్నాయి.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "అమ్మాయ్, పూతరేకులు అందలేదేమో?" అన్నారు.

నవ్వకండి. ఆయన నిజంగానే అడిగారు. పూతరేకులు అందిన మనుషులు ఇలాంటి కాగితం రాయగలరని ఆయనకి ఊహకి కూడా అందలేదు. నాకూ అందలేదు.

మర్నాటికి అసలు గొడవ మొదలైంది. నోటీసు మాకొక్కళ్ళకే కాదు, ఆ వరసలో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళింది. ఎన్నడూ పోస్టుమాన్ తమ పేరుతో ఒక ఉత్తరం కూడా తేని ఆడవాళ్ళకి క్రిమినల్ కేసు అన్న మాట ఉన్న కాగితం వచ్చింది. ఒకావిడ మొగుడు లైబ్రరీకి వచ్చి నలుగురిలో నన్ను నిలదీశాడు, మా ఆవిణ్ణి జైలుకి పంపుతారా ఏంటండీ అని. ఇంకొకావిడ మా వీధి వైపు రావడం మానేసింది. పిన్నిగారు మాత్రం కాగితం చేత్తో పట్టుకుని తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, పెళ్ళి శుభలేఖ తరవాత నా పేరు అచ్చులో చూడ్డం ఇదేనమ్మా. ఏం చేసేనంటారు వీళ్ళు?"

చెప్పాను.

"చదివేను కదా. చదవడం తప్పా?"

సమాధానం కోసం మా ఊరి ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన చట్టం పుస్తకం తీసి, చాలాసేపు తిరగేసి, చివరికి చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"చదివి వినిపించొచ్చండీ. ఆవిడ ఎదురుగా కూర్చుని పుస్తకమంతా చదవండి, ఎవరూ ఏమీ అనరు. చదివింది దాచకూడదు. తన ఒక్కదాని కోసం దాచుకుందంటే ఏదో వాదించొచ్చు. మీరు సంఘం పెట్టి, కాపీలు తీసి, పంచి, పైగా పంచేమని వాళ్ళకి జాబు రాసేరు."

"కళ్ళు లేనివాళ్ళ కోసమైనా కూడదాండీ?" అని అడిగాను.

"కళ్ళు లేనివాళ్ళ ఊసే దీన్లో లేదండీ" అన్నారాయన.

నేను నమ్మలేదు. అంత పెద్ద చట్టంలో ఒక్క ముక్కైనా ఉండదా అని పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి మొదటి నుంచి చివరిదాకా చదివాను. కోర్టులకి మినహాయింపు ఉంది. పత్రికలకి ఉంది. బడిలో మేష్టారికి ఉంది. పెళ్ళిలోనూ, పెళ్ళి ఊరేగింపులోనూ పాటల రికార్డులు వేసుకోవడానికి కూడా మినహాయింపు ఉంది. పరీక్షకి చదువుకునే చూపులేని మనిషికి లేదు. ఎవరో పగబట్టి తీసేశారంటే అర్థం చేసుకునేదాన్ని. అసలు వాళ్ళున్నారన్న సంగతే రాసినవాళ్ళకి తట్టలేదు. అదే నన్ను ఎక్కువ హడలగొట్టింది.

పోట్లాడొచ్చని ప్లీడరుగారు అన్నారు. కాకపోతే ఏళ్ళు పడుతుంది, ఈలోగా ఈ ఆడవాళ్ళందరూ కోర్టు మెట్లెక్కాలి. వాళ్ళ ఇళ్ళలో అప్పటికే పొయ్యి మీద కుండ దించేంత రభస జరుగుతోంది. తాసీల్దారుగారు ఆలోచించి, లొంగిపోదామన్నారు. కంపెనీ వాళ్ళు షరతులు పంపారు. మా మనిషి వస్తాడు, కేసెట్లన్నీ అతని కళ్ళ ముందు పాడు చెయ్యాలి, ఇంకెప్పుడూ చెయ్యమని ఆడవాళ్ళు సంతకాలు పెట్టాలి, అప్పుడు కేసు ఉండదు. వాళ్ళు వేసిన తారీఖు సరిగ్గా టీచర్ పరీక్షకి ముందురోజు. ఇంకో రెండు రోజులు ఆగమని అడిగాం. కుదరదన్నారు.

ఆ రోజు పొద్దున కంపెనీ మనిషి రాజమండ్రి బస్సులో దిగాడు. భుజానికి సంచి, చెప్పులకి దుమ్ము, మధ్య వయసు. రాక్షసుడు వస్తాడని కాచుకుని కూర్చున్న మాకు ఆ నెమ్మదైన మనిషిని చూస్తే ఏం చెయ్యాలో తోచలేదు. తాసీల్దారుగారికి తోచింది. కాఫీ, పెసరట్టు తెప్పించారు. అతను తింటూ, "మీరు పంపిన పూతరేకులు చాలా బాగున్నాయండి. మా ఆఫీసులో అందరం తిన్నాం" అన్నాడు.

పిన్నిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగారు. నవ్వారో ఏడ్చారో నేను చూడలేదు.

అల్లవరం అమ్మాయి అత్తగారితో వచ్చింది. తన కేసెట్లు సంచిలో, టేప్‌రికార్డరు అత్తగారి చంకలో. ఇక్కడ అప్పగించేసి, మధ్యాహ్నం బస్సుకి ఎదుర్లంక వెళ్ళి, పంటు దాటి, రాత్రికి కాకినాడ చేరుకోవాలి, తెల్లారితే పరీక్ష. కేసెట్లు తీసుకుని దాచుకుంటారేమో, తరవాత ఇచ్చేస్తారేమో అని ఆమె అనుకుంది. పాడుచేస్తారన్న సంగతి చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.

కేసెట్లన్నీ బల్ల మీద పోశాం. రాజోలు వాళ్ళవీ కొత్తపేట వాళ్ళవీ కూడా తెప్పించాం. అతను ఒకటి తీసుకుని, అంచు దగ్గర వేలు పెట్టి, టేపు పట్టుకుని లాగాడు. సరసరమని నల్లటి టేపు గజాల కొద్దీ బయటికొచ్చి కింద పడింది. కత్తెరతో రెండు చోట్ల కత్తిరించాడు. ఇంకొకటి తీశాడు. అది పిన్నిగారి గొంతు. అంత తేలిగ్గా ఉంటుందని నేననుకోలేదు. ఎన్ని మధ్యాహ్నాల చెమటో, ఒక్క లాగుడు.

"ఏంటండీ ఆ చప్పుడు?" అంది అల్లవరం అమ్మాయి.

ఆమె అత్తగారే, "లాగేసి కత్తిరించేత్తన్నారే" అని చెప్పింది.

ఆ అమ్మాయి, "అది ఏ పాఠమండీ?" అని అడిగింది.

పిన్నిగారు చీటీ చూసి చెప్పారు, "జ్ఞాపకశక్తి అమ్మా."

"ఆయ్, అది వచ్చండి నాకు" అంది. ఇంకొకటి లాగిన చప్పుడు. "ఇదండీ?" "తెలివితేటలమ్మా." "ఆయ్, ఇదీ వచ్చండి." ఇలా ఒక్కొక్క దానికీ అడగడం, పిన్నిగారు చెప్పడం, వచ్చండి అనడం. కంపెనీ మనిషి చెయ్యి రానురాను నెమ్మదించింది. ఎదుటి మనిషి తల్లో ఏముందో అప్పచెప్పించుకుని, అది ఉందని తేలాక బయటి దాన్ని చంపుతున్నట్టుగా ఉంది అక్కడి పని. నాకు అక్కణ్ణుంచి లేచి పోవాలనిపించింది.

చివర మూడు కేసెట్ల దగ్గరికొచ్చేసరికి పిన్నిగారు, "ఇది ఆటలూ అలవాట్లూ అమ్మా" అన్నారు.

ఆ అమ్మాయి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇది నేనింకా వినలేదండీ. ఇదీ, దీని తరవాతవీ. మొన్నే కదండీ ఇచ్చేరు, ఈలోగా గొడవొచ్చింది" అంది.

అతను చేతిలోని కేసెట్టు బల్ల మీద పెట్టి, "వినండి. వినడానికి ఏ అభ్యంతరమూ లేదు" అన్నాడు.

ఇంత విడ్డూరం మీరెక్కడైనా విన్నారా? టేప్‌రికార్డరు పెట్టాం. ఆమె దానికి ఆనుకుని కూర్చుంది. మేమందరం, పాడుచెయ్యడానికి వచ్చిన మనిషితో సహా, చుట్టూ కూర్చున్నాం. ఒక కేసెట్టు మొత్తం నడిచింది. పిన్నిగారి గొంతు పుస్తకంతో పోట్లాడినప్పుడు అతను నవ్వాపుకోలేకపోయాడు. అయిపోగానే కేసెట్టు తీసి లాగేశాడు. రెండోది పెట్టాం. తాసీల్దారుగారు అన్నం తెప్పిస్తే ఎవరూ లేవలేదు. ఆ అమ్మాయి పెదాలు కదుపుతూ ప్రతి వాక్యాన్నీ వెనకాలే అనుకుంటోంది. రెండోదీ అయింది. లాగేశాడు. మూడోది పెట్టాం. అది పిల్లల భయాల గురించి. అందులో సగం కూడా నడవలేదు, గొంతు సాగి, ముద్దయి, ఆగిపోయింది. కరెంటు పోయింది.

బ్యాటరీలు వేసే చోటు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఏనాడో పాడైపోయింది. పుస్తకం చూసి చదివేద్దామంటే పుస్తకం లేదు. రికార్డింగు అయిపోగానే దాని యజమానురాలు తీసుకెళ్ళిపోయింది. బజారుకి మనిషిని పరిగెత్తించాం. పరీక్ష ముందు ఆ పుస్తకం ఎప్పుడు దొరికింది గనక, స్టాకు లేదన్నారు. ఒక గంట చూశాం. కరెంటు రాలేదు. బస్సు వేళయింది. అది తప్పితే ఆఖరి పంటు అందదు.

నేను కంపెనీ మనిషి దగ్గరికి వెళ్ళాను. "ఈ ఒక్కటీ ఆమెతో పంపించండి. కాకినాడలో వింటుంది. పరీక్ష కాగానే నేనే తెచ్చి మీ ఆఫీసులో ఇస్తాను. మీ ముందు నేనే లాగేస్తాను" అన్నాను. తాసీల్దారుగారు రెండు చేతులూ జోడించారు. అంత పెద్దాయన ఒకరికి అలా దణ్ణం పెట్టడం నేనెన్నడూ చూడలేదు.

అతను ఒప్పుకుంటాడనే అనుకున్నాను. పొద్దుట్నుంచీ మాతో కూర్చున్నాడు, మాతో నవ్వాడు, అన్నం కూడా మాతో పాటే మానేశాడు.

"అన్నీ నా కళ్ళ ముందే పాడుచేశారని నేను సంతకం పెట్టాలి మేడమ్. ఒక్కటి మిగిలినా నా సంతకం అబద్ధమవుతుంది. నా చేతిలో లేదండి" అన్నాడు. అని, టేప్‌రికార్డరు మూత తెరిచి, సగంలో ఆగిన కేసెట్టు తీసి, లాగేశాడు. కత్తిరించాడు.

నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. చెడ్డవాడై ఉంటే నేను ఇంత దెబ్బతినేదాన్ని కాదు. మంచివాడు. మంచివాడు కూడా అదే చేశాడు.

ఆ అమ్మాయి చప్పుడు వింది. ఏ పాఠమని అడగలేదు. లేచి చీర సర్దుకుని, "వెళ్ళొస్తానండీ మేడంగారూ, వెళ్ళొస్తానండీ పిన్నిగారూ" అని అందరికీ చెప్పి, చివర, అతనున్న వైపు తిరిగి, "వెళ్ళొస్తానండీ" అంది. అతను తలూపాడు. తలూపితే ఆమెకి కనబడదని అతనికి తట్టలేదు.

ఆ పోస్టు ఆమెకి రాలేదు. ఆ సగం కేసెట్టు వల్లే పోయిందని నేను అనను, అనడానికి నా దగ్గర రుజువు లేదు. అడిగితే, "పేపరు బాగానే రాసేనండీ" అని ఊరుకుంది. వయసు దాటిపోయింది. పరీక్ష అయిపోయింది కనక ఇక ఆ పుస్తకంతో ఆమెకి పనిలేదని మేమందరం అనుకున్నాం.

తరవాతి నా ఉద్యోగమంతా, రిటైరయ్యేదాకా, ఆ చట్టంలో ఒక్క వాక్యం పెట్టించడం కోసం తిరగడంతోనే సరిపోయిందంటే అతిశయోక్తి కాదు. అర్జీలు రాశాం, హైదరాబాదులో సభలకి వెళ్ళాం, పెద్దవాళ్ళ వరండాల్లో కూర్చున్నాం. మా ఒక్కళ్ళ వల్లా ఏమీ కాలేదు, దేశంలో ఎందరో తిరిగారు. ఈలోగా కేసెట్లు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి కంప్యూటరు పుస్తకాలొచ్చాయి. వాటిల్లో చదివి వినిపించే ఏర్పాటుకి కంపెనీ వాళ్ళే తాళం వేసి అమ్మేవారు. డబ్బు పోసి కొన్నవాడి పుస్తకం కొన్నవాడికే వినబడదు. ఒక సభలో ఒక పెద్దమనిషి, "అలాంటివాళ్ళని చూసి మా కంపెనీలు ఎలాగూ జాలి పడతాయి కదమ్మా, చట్టమెందుకు?" అన్నాడు. జాలి పడ్డ మనిషిని నేను చూశానండీ, మా లైబ్రరీలో ఒక రోజంతా కూర్చున్నాడు అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

నేను రిటైరయ్యాక కొన్నాళ్ళకి చట్టం మార్చారు. చూపులేనివాళ్ళ కోసం చదివింది దాచొచ్చు, కాపీ తియ్యొచ్చు, పంచొచ్చు. తాసీల్దారుగారు అప్పటికి లేరు. నేను పేపరు పట్టుకుని అల్లవరం బస్సెక్కాను.

ఆమె ఇంటి అరుగు మీద పదిమంది పిల్లలకి ట్యూషను చెబుతోంది. జుట్టు నెరిసింది. నన్ను గొంతు పట్టి గుర్తుపట్టింది. పేపరు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

"మంచిదండీ. అయితే ఆ పుస్తకం మళ్ళీ చదివిస్తారాండీ?" అంది.

నేను అవాక్కయ్యాను. "ఏ పుస్తకమమ్మా? పరీక్ష అయిపోయి ఎన్నేళ్ళయింది?"

"పరీక్షకి కాదండీ. భయాల పాఠం సగంలో ఉండిపోయింది కదండీ. వీళ్ళల్లో ఒకడు వానొస్తే చాలు వణికిపోతాడు. వాడికి ఏం చెయ్యాలో దాన్లో ఉంటాదని."

ఇన్నేళ్ళూ ఆమె ఆ మిగతా సగం కోసం కాచుకుని ఉందని, ఆమెకి ఆ పుస్తకం నిజంగానే కావాలని, మాలో ఒక్కరికి కూడా తట్టలేదు. వెతికాను. సిలబస్ మారింది, కంపెనీ దాన్ని అచ్చెయ్యడం ఎప్పుడో మానేసింది, మేము పంపిన కేసెట్ల సెట్టు కూడా వాళ్ళ దగ్గర లేదట. అరువిచ్చిన అమ్మాయి ఆచూకీ లేదు. మా లైబ్రరీలో లేదు, కాకినాడలో లేదు, రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగాను, లేదు. ఇప్పుడు చట్టం ఒప్పుకుంటోంది, పుస్తకమే లేదు. దాన్ని గొంతులో దాచిన కేసెట్లని మా గదిలోనే, మా కళ్ళ ముందే లాగించాం.

వట్టి చేతులతో మళ్ళీ వెళ్ళి చెప్పాను. ఆమె, "పోనీలెండి. మీ ఫోన్లో మాట పడతాదంట కదండీ? నాకు వచ్చినంత మటుకు నేను చెబుతాను, దాన్లోకి ఎక్కించుకోండి. ఎవరికైనా పనికొస్తాదేమో" అంది.

అలా ఎన్నో మధ్యాహ్నాలు వెళ్ళాను. ఎక్కడా తడుముకోలేదు. జ్ఞాపకశక్తి, తెలివితేటలు, ఆటలూ అలవాట్లూ, ఒక్కొక్క పాఠమే పుస్తకంలో ఉన్న మాటలతో చెప్పుకుంటూ వచ్చింది. చివరికి భయాల దగ్గరికి వచ్చింది. పిల్లలు అరుగు మీదే ఉన్నారు. వాన పడేలా ఉంది.

"పిల్లల భయాలను పోగొట్టే మార్గాలు నాలుగు. మొదటిది, పిల్లవాడు దేనికి భయపడుతున్నాడో ఎగతాళి చేయకుండా చివరి వరకు వినడం. రెండవది..."

ఆగింది. నేను ఫోను ఇంకొంచెం దగ్గరగా పెట్టాను.

"ఇక్కడ కరెంటు పోయిందండీ" అంది.